కట్టింది, నడిపేది: దారా లిడియా

తెనాలి ఇంజను షెడ్లలో ఒక ఆచారం ఉంది. సిలిండరు గోడలు అరిగిపోయిన ఇంజను వస్తే, ఆ గోడల్ని రవ్వంత వెడల్పుగా తొలిచి, ఆ వెడల్పుకు సరిపోయే కొత్త పిస్టన్లు వేస్తారు. దాన్నే బోరింగు అంటారు. పని పూర్తయ్యాక ఇంజను ఒంటికి చిన్న రేకు బిళ్ల బిగిస్తారు. బిళ్ల మీద షాపు పేరు, దాని కింద ఏ సైజుకు తొలిచారో ఆ అంకె. అంకె రేపు ఆ ఇంజను విప్పబోయే మెకానిక్కు కోసం. పేరు ఊరి కోసం. ఆ పేరు ఎప్పుడూ మెషిన్ ఎవరిదైతే వాళ్లదే. మెషిన్ ముందు నిలబడి, ఒళ్లంతా ఇనుప రజనుతో ఇంటికెళ్లేవాళ్ల పేరు ఏ బిళ్ల మీదా ఉండదు. పొలం ఎవరిదో పంట వాళ్లదే అయిన ఊళ్లలో దీన్ని ఎవరూ వింతగా చూడరు.

దారా లిడియా ఆ బిళ్ల వద్దంది.

"వద్దంటే ఏంటమ్మాయ్?" అన్నాడు శ్రీనివాసరావు. షాపు ఆయనది. బోరింగు మెషిన్ ఆయన తండ్రి కొన్నది.

"అది నా కారు బాబాయ్. గిరాకీ బండి కాదుగా."

"కారు నీదే. తొలిచిన మెషిన్ ఎవరిది?"

"మీదే. దానికి బదులు సెలవు రోజుల్లో కూడా వచ్చి పనిచేశా."

"చేశావు, కాదన్లేదు. కానీ మెషిన్ నాదైతే పేరూ నాదే. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి."

"మా నాన్న కాలం నుంచీ కూడా ఇదే పద్ధతిగా బాబాయ్. అందుకే వద్దంటన్నా."

శ్రీనివాసరావు రివెట్ల డబ్బా మూత పెట్టేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. డిప్లొమా చేతపట్టుకుని లిడియా ఉద్యోగాలకు తిరిగిన రోజుల్లో, కార్ల షోరూముల వాళ్లు ఆమెను ముందు కౌంటరులో కూర్చుని నవ్వుతూ మాట్లాడమన్నారు. వెనక వర్క్‌షాపులో పని కావాలంటే వాళ్లే నవ్వారు. ఆ రోజుల్లో "ఆ మెషిన్ నేర్చుకుంటావా?" అని అడిగినవాడు శ్రీనివాసరావు ఒక్కడే. ఆ మేలు లిడియా మర్చిపోలేదు. అయితే మేలు చేసినవాడికి పని చేసిపెట్టొచ్చు, మర్యాద ఇవ్వొచ్చు. పేరు కూడా రాసివ్వాలని ఎక్కడుంది?

ఆమె తండ్రి జ్ఞానానందం సంగం జాగర్లమూడిలో కాలవ కట్టన ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. నీళ్లందని చేలకు తోడిపోసే ఇంజన్లవి. చెడిపోతే సైకిలు మీద వెళ్లి, బురదలో కూర్చుని, విప్పి, బిగించి, తిప్పి వచ్చేవాడు. ఆయన చెయ్యి పడని ఇంజను ఆ చుట్టుపక్కల లేదు. అయినా ఏ రైతూ "జ్ఞానానందం బాగుచేసిన ఇంజను" అని ఎన్నడూ అనలేదు. "మా ఇంజను లేచింది" అనేవాళ్లు. దానంతటదే లేచినట్టు. తండ్రి పక్కన కూర్చుని పానాలు అందించే వయసులోనే లిడియా ఆ మాట విన్నది. మనసులో పెట్టుకున్నది.

ఆయన పోయాక మిగిలింది కాలవ కట్టన రేకుల షెడ్డూ, కొన్ని పనిముట్లూ, ఒక మాటా. "ముందు ఊపిరి చూడు, తర్వాత తిండి చూడు" అనేవాడు ఆయన, మొరాయించే ప్రతి ఇంజను దగ్గరా. గాలి సరిగా ఆడని ఇంజనుకు ఎంత నూనె పోసినా పొగే తప్ప బలం రాదని ఆయన లెక్క.

ఆ షెడ్డులోకే లిడియా ఒక పాత ఎస్టీమ్ కారును తెచ్చింది. బాపట్లలో ఒక రిటైరైన మాస్టారింట్లో అది ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంది. సూర్యలంక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి అడుగంతా తుప్పు. సిలిండర్ల లోపల కూడా చెమ్మ చేరి గోడలు గుంటలు పడ్డాయి. తొలిస్తే తప్ప బాగుపడదు. షాపులో రోజూ చేసే పనే గదా అని ఆ బోరింగు చేసింది, అసలు సైజుకంటే ఒక మెట్టు పెద్దవైన మొదటి సైజు పిస్టన్లు తెచ్చి వేసింది, అంతటితో ఆ సంగతి వదిలేసింది. తెనాలి షెడ్లలో బోరింగు అంటే మరమ్మతు. మసకేసిన కళ్లకు అద్దాలు పెట్టినట్టు. దాన్ని బలం పెంచే పనిగా ఎవరూ లెక్కెయ్యరు.

బలం పెంచే పని ఆ తర్వాత మొదలైంది. రేపల్లె రోడ్డు మీద ఒక వెంచరు యజమాని కార్ల పందెం పెడుతున్నాడని తెలిసినప్పటి నుంచీ ఆమెకు అదే ధ్యాస. పదమూడు వందల సీసీ లోపు బండ్లకు చిన్న క్లాసు. ఆపైన ఏ బండైనా పెద్ద క్లాసు. ఒక్కో బండినీ విడిగా వదిలి, దానికి పట్టిన టైము బోర్డు మీద రాస్తారు.

"టర్బో పెట్టవే, ఎగిరిపోద్ది," అని సలహా ఇచ్చారు తోటి మెకానిక్కులు. టర్బో అంటే పంపుతో గాలిని బలవంతంగా ఇంజనులోకి కొట్టే సాధనం. అది లేని ఇంజను తన ఊపిరి తనే పీల్చుకోవాలి. చిన్న క్లాసులో టర్బో ఒప్పుకోరు. ఒప్పుకున్నా లిడియా పెట్టేది కాదు.

"ఒకళ్లు వెనక నుంచి తోస్తే పరిగెత్తేది నాకొద్దు," అన్నది. "దానికి ఊపిరాడకుండా ఎక్కడెక్కడ అడ్డం పెట్టారో అయ్యి తీసేస్తా. అప్పుడు చూడు."

అలాగే చేసింది. ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే చీర మార్చి షెడ్డుకు చేరేది. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డులో గాలి వెళ్లే దారులు పోత పోసినప్పటి గరుకుతో అలాగే ఉంటాయి. వాటిని రుద్ది రుద్ది, లోపల వేలు పెడితే గాజు తగిలినట్టు చేసింది. వాల్వులు కూర్చునే చోట్లు కొత్తగా కోసింది. పెట్రోలు ఇంకాస్త గట్టిగా నొక్కుకుని మండేలా హెడ్డు అడుగును మెషిన్ మీద పలచగా చెక్కింది. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా క్యామ్ షాఫ్టు అరగదీయించింది. ఇంజను వెనక తిరిగే బరువు చక్రాన్ని, ఫ్లైవీలును, చెక్కి తేలిక చేసింది. నాలుగు సిలిండర్ల పొగ ఒకదాన్నొకటి తోసుకోకుండా బయటపడేలా సమానమైన గొట్టాలు వంచి అతికించింది.

ఒక్కసారికే కుదిరిందనుకుంటే పొరపాటు. మొదటిసారి క్యామ్ కొలత తప్పి కారు అసలు స్టార్టే కాలేదు. రెండోసారి స్టార్టయింది గానీ, అతికించిన గొట్టమొకటి చీలి షెడ్డంతా పొగ. చివరికి కుదిరాక కూడా అది బజారులో తిరిగే బండి కాదు. నెమ్మదిగా పోనిస్తే దగ్గుతుంది, గురక పెడుతుంది. తొక్కినకొద్దీ గొంతు విప్పుతుంది. ఆ గొంతు కాలవ అవతలి గట్టుకు కూడా వినిపించేది.

పందానికి ముందు తెల్ల రంగుతో తలుపు మీద పెద్ద అక్షరాల్లో రాయించింది: "కట్టింది, నడిపేది: దారా లిడియా, తెనాలి."

"ఇంత పెద్దగా ఎందుకే?" అన్నది తల్లి విజయమ్మ.

"దూరాన్నుంచి కూడా కనపడాలమ్మా."

ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ పేరుకు ఎదురుగా, అందరూ చూసే బోర్డు మీద, ఒక టైము రాసి ఉండాలి. అది ఎవరి మెషిన్ పుణ్యమో, ఎవరి దయో అని రేపు ఎవరూ అనకూడదు. ఆ టైము చేతిలో ఉంటే కాలవ కట్టన తండ్రి షెడ్డులో సొంతంగా పని మొదలుపెట్టొచ్చని ఆమె ఆశ. లేకపోతే జన్మంతా ఇంకొకరి బిళ్ల కిందే.

పందెం జరిగే చోటును ఇప్పుడు వెంచరంటున్నారు. నాలుగేళ్ల కిందట అది మాగాణి. ఇప్పుడు తారు రోడ్లు, వాటి పక్కన రంగేసిన హద్దురాళ్లు, ఇళ్లు మాత్రం లేవు. ప్లాట్లు కొనడానికి జనం రావాలని వెంచరు యజమాని బసవేశ్వరరావు ఏటా ఏదో ఒక వేడుక పెడతాడు. ఈసారి కార్ల పందెం. విజయమ్మ ఆ నేలను గుర్తుపట్టింది. ఇదే నేలలో ఆమె ఎన్నోసార్లు నాట్లు వేసింది, మినుము పీకింది. కౌలు రైతులు పోయారు, కూలి పోయింది, రోడ్లు వచ్చాయి. విజయమ్మ పుట్టిల్లు చుండూరు వైపు, ఒకప్పుడు దళితుల ఊచకోత జరిగిన ఊరు. ఆ ఊరి పేరెత్తితే ఈ చుట్టుపక్కల కొందరి గొంతు ఇప్పటికీ తగ్గుతుంది, కొందరి గొంతు పెరుగుతుంది. విజయమ్మ గొంతు పెరిగే రకం.

ట్రాక్టరు ట్రక్కు మీద వచ్చిన లిడియా కారును చూసి కుర్రకారు ఈలలేసింది. పొద్దున బండ్ల తనిఖీ చేసినవాడు కృపారావు. బాపట్లలో ఇంజనీరింగు పాఠాలు చెప్పే మనిషి. లిడియాదీ ఆయనదీ ఒకే సంఘం, లూథరన్లు. అందుకే ఆమెను ఎరిగినట్టు కూడా కనిపించలేదు. మనవాళ్లని చూసీచూడనట్టు వదిలేశాడని ఎవరైనా అంటారేమోనని, మిగతా బండ్లకంటే ఆమె బండినే ఎక్కువసేపు చూశాడు. బ్రేకులు చూశాడు, బెల్టులు చూశాడు, బండి రిజిస్ట్రేషను పుస్తకంలో ఇంజను సైజు చూశాడు. పన్నెండు వందల తొంభై ఎనిమిది. చిన్న క్లాసులో రాశాడు.

మైకులో ఒకాయన వరసగా పేర్లు చదువుతున్నాడు. మగవాళ్లందరికీ ఇంటిపేరుతో సహా. ఆమె వంతు వచ్చేసరికి "తెనాలి నుంచి విచ్చేసిన లేడీ డ్రైవర్" అన్నాడు.

ఆ లేడీ డ్రైవర్ చిన్న క్లాసులో అందరికంటే తక్కువ టైములో వచ్చింది. రెండో స్థానంలో ఉన్న అభినవ్ కంటే నిండా సెకను ముందు. అభినవ్ బసవేశ్వరరావు కొడుకు. అతని కారు కొత్తది. కోయంబత్తూరులో పెద్దపేరున్నవాళ్ల చేత బలం పెంచించి తెచ్చుకున్నది. ఊళ్లో ఫ్లెక్సీలు ముందే కట్టేశారు, అతనే గెలిచినట్టు.

బోర్డు చూసి అభినవ్ నేరుగా కృపారావు బల్ల దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఆ బండి లోపల పదహారు వందల సీసీ సామాను ఉంది. పైకి ఎస్టీమే, లోపల వేరే. ఆ ఇంజను తెరిపించండి."

"రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నారా?"

"ఇస్తన్నా."

కృపారావు లిడియా దగ్గరికి వచ్చాడు. "ఫిర్యాదు వచ్చిందమ్మా. హెడ్డు విప్పి కొలవాలి. ఒప్పుకోకపోతే మీ టైము రద్దవుద్ది."

"విప్పితే ఎవరికి నష్టమో తెలుసుగా సార్. హెడ్డు కింది ప్యాకింగు ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు."

"తెలుసు."

"మరి ఆ అబ్బాయి బండి కూడా విప్పుతారా?"

"ఆయన మీద ఫిర్యాదు లేదుగా."

అభినవ్ నవ్వాడు. "నాది సీల్ వేసిన ఇంజనక్కా. విప్పితే వారంటీ పోద్ది."

"నాకు వారంటీ ఇచ్చేవాళ్లు పుట్టలేదులే తమ్ముడూ," అని లిడియా పానాల పెట్టె తెరిచింది. "దగ్గరికి రా. దూరాన్నుంచి చూస్తే నీకు పదహారు వందలు కనపడతయ్యి."

జనం చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఇంజను విప్పుతుంటే చూడటం వాళ్లకు పందెం కంటే పెద్ద తమాషా. ఒకడు "వదినా, అందులో చింతకాయ పచ్చడేమన్నా దొరుకుద్దేమో చూడు," అన్నాడు. "దొరికితే నీ నోట్లోనే పెడతా, కాస్త మూతపడుద్ది," అన్నది ఆమె, తల ఎత్తకుండా. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. ఒక్కో బోల్టూ వదులు చేస్తూ, పైపులు విడదీస్తూ, హెడ్డు పైకి లేపి గోనెసంచి మీద పెట్టింది. పిస్టన్ల నెత్తిన మసి పట్టి ఉంది. కృపారావు కొలత సాధనం తీసేలోగా ఆమె పెట్రోలు గుడ్డతో ఒక పిస్టను తుడిచింది.

మసి కింద అంకె బయటపడింది. మొదటి సైజు. తయారైనచోటే కొట్టిన ముద్ర.

లిడియా చెయ్యి ఆగిపోయింది. ఆ అంకెను ఆమె జీవితంలో కొన్ని వందలసార్లు చూసి ఉంటుంది. ఈసారి మాత్రం అది వేరే లెక్క చెప్పింది. గోడ తొలిచారంటే సిలిండరు వెడల్పయింది. వెడల్పయిందంటే లోపలి చోటు పెరిగింది. నాలుగు సిలిండర్లలోనూ కలిపి చూసుకుంటే పన్నెండు వందల తొంభై ఎనిమిది కాస్తా పదమూడు వందల పదహారు. చిన్న క్లాసు హద్దు దాటి పదహారు సీసీ. పదిహేనేళ్లుగా ఎన్ని ఇంజన్లు తొలిచిందో, ఒక్కసారి కూడా సైజుల్ని సీసీల్లోకి మార్చి చూసే పని పడలేదు. పొలాల ఇంజన్లకీ బాడుగ కార్లకీ ఆ లెక్కతో ఏం పని? మరమ్మతు అనుకుంది. మరమ్మతే. కానీ కొలత కొలతే.

కృపారావు ఇంకా వంగలేదు. ఆమె ముందే చెప్పింది.

"సార్, మీరు కొలిచేముందు నేనే చెబుతున్నా. ఇది ఫస్ట్ సైజుకి బోరు చేసిన ఇంజను. పదహారు సీసీ ఎక్కువుంది. బోరు తుప్పు పట్టి తొలిచా. క్లాసు హద్దు దాటుద్దని ఆలోచించలేదు. కొలవండి."

కృపారావు కొలిచాడు. నాలుగు చోట్లా కొలిచాడు. పిస్టను నడిచే ఎత్తు కూడా కొలిచాడు. "పదహారు వందల సామాను ఏమీ లేదు," అన్నాడు అందరికీ వినపడేలా. "ఆవిడ చెప్పిందే నిజం. పదహారు సీసీ ఎక్కువ."

"దొరికిందిగా," అన్నాడు అభినవ్. "మరి బోరు చేసిన ఇంజనుకి బిళ్ల ఉండాలిగా? తెనాలి షాపులన్నీ కొడతాయి. ఇది పీకేశారు. దాచాలనే గదా?"

పందెం చూడ్డానికి వచ్చిన శ్రీనివాసరావు గుంపులో ముందే నిలబడి ఉన్నాడు. అందరి కళ్లూ ఆయన మీదికి తిరిగాయి.

"పీకలేదు," అన్నాడు ఆయన ఇబ్బందిగా. "అసలు కొట్టలేదు. నేను కొడతానన్నా. వద్దన్నది."

అబద్ధం ఒక్కటీ లేదు అందులో. అబద్ధమైతే ఎదురు తిరగొచ్చు. నిజమే ఆమె మెడకు చుట్టుకుంది. ఆ బిళ్ల ఉండి ఉంటే పొద్దున తనిఖీలోనే ఆ అంకె కృపారావు కంటపడేది. పెద్ద క్లాసులో రాసేవాడు, అంతటితో పోయేది. గుంపులో గుసగుసలు లేచాయి. ఎవరో "వీళ్లంతేరా" అన్నారు. ఎవరన్నారో కనిపించలేదు. ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ కనిపించరు.

విజయమ్మ కనిపించింది. "ఎవర్రా ఆ వీళ్లు?" అంటూ గుంపులోకి చొచ్చుకుని వచ్చింది. "మొహం చూపించి అను, వింటా."

లిడియా లేచి నిలబడింది. "బిళ్ల వద్దన్న మాట నిజం. అందులో ఆయన షాపు పేరుంటది. నా బండి మీద నా పేరే ఉండాలని వద్దన్నా. సైజు దాచాలని కాదు. సైజు సంగతి లెక్క చూసుకోకపోవడం నా తప్పు. బిళ్ల వద్దనడం తప్పు కాదు. ఈ రెండూ కలిపి ముడెయ్యొద్దు."

బసవేశ్వరరావు పెద్దమనిషి తరహాలో ముందుకొచ్చాడు. తగువు ముదిరితే ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వెనక్కిపోతారని ఆయన దిగులు. "సర్లేమ్మా. తప్పు ఒప్పుకున్నావు, సంతోషం. ఆ తలుపు మీది పేరు తుడిచేసి బండి తీసుకెళ్లు. గొడవుండదు, నీకూ పరువుగా ఉంటది."

"పేరెందుకు తుడవాలండి?"

"తప్పు బండి మీద పేరెందుకమ్మా?"

"తప్పు చేసింది నేనేగా. ఇంకా పెద్దగా ఉండాలి పేరు. వేరేవాళ్ల మీదికి పోకుండా." ఆమె కృపారావు వైపు తిరిగింది. "సార్, సీసీ ఎక్కువైతే మీ రూలు ఏం చెబుతోంది? ఇంటికి పొమ్మంటోందా, పై క్లాసుకి పొమ్మంటోందా?"

రూలు కృపారావుకు తెలుసు. చెబితే ఏమంటారో కూడా తెలుసు. మెడలోని గుర్తింపు కార్డు సరిచేసుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "పై క్లాసుకే. చిన్న క్లాసు టైము రద్దు. పెద్ద క్లాసు ఆఖరి రౌండు సాయంత్రం. బండి అప్పటికి లైన్లోకి వస్తే పరిగెత్తే హక్కుంది."

"ముక్కలు ముక్కలుగా ఉందిగా సార్," అన్నాడు అభినవ్.

"బిగిస్తారేమో చూద్దాం," అన్నాడు కృపారావు.

బిగించడం ఆమెకు లెక్క కాదు. ప్యాకింగే సమస్య. హెడ్డుకూ దాని కింది దిమ్మకూ మధ్య ఉండే పలచని అట్ట లాంటిది అది. లోపలి మంటనూ నీళ్లనూ విడివిడిగా ఆపేది అదే. ఒకసారి నలిగింది మళ్లీ పెడితే సందుల్లోంచి మంట తన్నుతుంది, నీళ్లు కారతాయి, ఇంజనే పోవచ్చు. కొత్తది ఆమె దగ్గర లేదు.

శ్రీనివాసరావు దగ్గర ఉంది. తన కారు డిక్కీలోని షాపు సామానులోంచి తీసి, కాగితం కూడా విప్పకుండా చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆయన జేబులోంచి ఇంకొకటి కూడా తీశాడు. రేకు బిళ్ల.

"నలుగురిలో నన్ను దోషిని చేశావమ్మాయ్," అన్నాడు మెల్లగా. "నేను నీకు అన్యాయం చేసినట్టు చెప్పావు. ఈ బిళ్ల కొట్టించుకో, ప్యాకింగు తీసుకో. నీకూ పరుగు దక్కుద్ది, నాకూ మాట దక్కుద్ది."

లిడియా ఆ ప్యాకింగు వైపు చూసింది. చెయ్యి చాపితే అందుతుంది.

"మీరు నాకు పని నేర్పించారు బాబాయ్. అది ఎక్కడైనా చెబుతా, మైకులో చెప్పమన్నా చెబుతా. బిళ్ల మాత్రం వద్దు. ఇప్పుడు కొట్టించుకుంటే, అప్పుడు కొట్టించుకోనందుకు శిక్ష పడినట్టుంటది."

"మొండితనం."

"అవునండి."

ఆయన ప్యాకింగు తీసుకుని డిక్కీ వైపు నడిచాడు. విజయమ్మ కూతురి పక్కన చతికిలబడింది.

"తీసుకుంటే పోయేదిగదే. బిళ్ల రేపు పీకెయ్యొచ్చు."

"పీకినా తూట్లు ఉంటయ్యమ్మా."

విజయమ్మ నలిగిన ప్యాకింగును తిప్పి తిప్పి చూసింది. "కాలవ కట్టన మీ నాన్న దగ్గర కొత్త ప్యాకింగులు ఏనాడున్నయ్యి? పాతదానికే ఏదో పూసేవాడు గదే. చేతులు తెల్లగా మెరుస్తా ఇంటికొచ్చేవాడు."

"సిల్వర్ పెయింటు," అన్నది లిడియా.

వెంచరు ముఖద్వారం దగ్గర ఒక పెయింటరు ఇనుప కటకటాలకు సిల్వర్ పెయింటు వేస్తున్నాడు. విజయమ్మ ఖాళీ టీ గ్లాసు పట్టుకుని అక్కడికి నడిచింది.

"కాసింత పొయ్యి అబ్బాయ్."

"ఓనరు గారి పెయింటు పిన్నీ. అడగాలి."

"ఈ నేలలో నేను వేసిన నాట్లు ఎన్నో మీ ఓనరు గారు నన్ను అడిగి లెక్కెట్టాడా? గ్లాసుడు పెయింటుకి గేటు బక్కచిక్కదులే, పొయ్యి."

పెయింటరు అటూ ఇటూ చూసి పోశాడు.

లిడియా హెడ్డు అడుగునూ దిమ్మనూ శుభ్రంగా తుడిచి, ప్యాకింగుకు రెండు వైపులా సమానంగా పెయింటు పూసి, అంటుకునేంత తడిగా ఉండగానే హెడ్డు దించింది. తొందర ఎంతున్నా బోల్టులు తొందరపడి బిగించలేదు. నడిమి నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించింది. అది చూస్తూ కృపారావు తన బల్ల దగ్గరే ఉండిపోయాడు. సాయం చేయలేదు, తొందర పెట్టలేదు. ఆఖరి రౌండుకు బండ్లు పిలిచే వేళకు ఎస్టీమ్ దగ్గింది, గురక పెట్టింది, లేచి నిలబడింది.

ఆమెదితో కలిపి పెద్ద క్లాసులో ఏడు బండ్లు. మిగతావన్నీ దీనికంటే పెద్ద ఇంజన్లు. వాటిలో కొన్నిటికి టర్బోలు. లిడియా హెల్మెట్ బెల్టు బిగించుకుంది. ఆమె చూపు వేడి చూపించే ముల్లు మీదే ఉంది. జెండా ఊగగానే తొక్కింది. మొదటి మలుపు దాకా ముల్లు కదల్లేదు. రెండో మలుపులో హద్దురాళ్లు కిటికీ పక్క నుంచి రంగు గీతలా పోయాయి. పొడవాటి తిన్నని రోడ్డు మీదికి వచ్చేసరికి ఇంజను గొంతు విప్పింది. ఆ గొంతులోకే ఆమె ఒక ఏడాది ఆదివారాలన్నీ పోసింది. ముల్లు మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. కాలు ఎత్తితే ఇంజను దక్కుతుంది, టైము పోతుంది. ఇంజనైతే మళ్లీ కట్టగలదు. ఆమె కాలు ఎత్తలేదు.

గీత దాటాక ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచింది. బండిని పక్కకు తీసి ఆపేసింది. ప్యాకింగు ఒకవైపు తన్నేసింది, కింద నీళ్లు కారుతున్నాయి. విజయమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పోయిందా?"

"ప్యాకింగే. పరుగయ్యాకే పోయింది."

బోర్డు మీద టైము పడింది. పెద్ద క్లాసులో ఐదో స్థానం. రెండు పెద్ద బండ్లు ఆమె వెనక. చిన్న క్లాసులో మొదటి బహుమతి అందుకోబోతున్న అభినవ్ టైము కంటే ఇప్పటికీ అది తక్కువే. పొద్దుటి తన టైము కంటే కూడా ఒక పిసరు తక్కువ.

మైకులో ఆయన ఫలితాలు చదవడం మొదలుపెట్టాడు. పెద్ద క్లాసు మొదటి ముగ్గురి పేర్లు చదివి, "ఇంకా ఉత్సాహంగా పాల్గొన్న తెనాలి లేడీ డ్రైవర్‌కి కూడా అభినందనలు" అని తర్వాతి కాగితం అందుకున్నాడు.

లిడియా చేతులు తుడుచుకోకుండానే వేదిక మెట్లెక్కింది. బసవేశ్వరరావు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"నా పేరు చదవండి," అన్నది మైకాయనతో.

"చదివానుగా అమ్మా."

"అది పేరు కాదండి. తలుపు మీద రాసుంది, ఇక్కణ్ణుంచి కనపడుద్ది."

ఆయన బసవేశ్వరరావు వైపు చూశాడు. బసవేశ్వరరావు జనం వైపు చూశాడు. రోడ్డు పొడవునా నిలబడ్డ జనం వింటున్నారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె అడిగింది కూడా అందరికీ వినపడింది. ఇక చదవకపోతే అది కూడా వినపడుతుంది.

"దారా లిడియా, తెనాలి," అన్నాడు మైకాయన. "కట్టింది, నడిపింది ఆవిడే."

"స్థానం?"

"ఐదో స్థానం."

"పొద్దున చిన్న క్లాసులో ఉన్నదాన్ని పెద్ద క్లాసులోకి ఎందుకెళ్లానో అది కూడా చదవండి. పదహారు సీసీ సంగతి. నేను లెక్క చూసుకోలేదన్న సంగతి. పదహారు వందల సామాను దొరకలేదన్న సంగతి. మొత్తం చదవండి. రేపు ఎవరూ చెవులు కొరుక్కునే పనుండకూడదు."

"అదంతా ఇప్పుడెందుకమ్మా?"

"కృపారావు సార్ రాసిన కాగితం మీ చేతిలోనే ఉంది గదండి," అన్నది లిడియా, మెట్ల మీద నుంచి కదలకుండా. "చదివేదాకా ఇక్కడే నిలబడతా."

మైకాయన గొంతు సవరించుకుని, కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు.